ఓర్వకల్లు - గన్నవరం: గాలిలో గంట.. గడపకు నాలుగు గంటలు

రాజధానికి విమానం వచ్చినా తీరని దూరం
వేళలు కుదిరితేనే సీమకు మేలు

కర్నూలు: ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి గన్నవరం విమానాశ్రయానికి ఆకాశమార్గాన దూరం దాదాపు 297 కిలోమీటర్లు. చిన్న విమానం గాలిలో ఉండే సమయం గంటలోపే. రెండు ఊళ్ల నడుమ రోడ్డు మార్గం సుమారు 340 కిలోమీటర్లు. బస్సులో ఓ రాత్రి ప్రయాణం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు వాసికి రాజధాని గంట దూరానికి చేరువైందనే భావన కలుగుతుంది. 2025 జులై 2న కర్నూలు - విజయవాడ మధ్య ఇండిగో సర్వీసు మొదలైనపుడు జిల్లా అంతటా ఇదే ఆశ వ్యక్తమైంది. అయితే దూరాన్ని, ప్రయాణ సమయాన్ని విడివిడిగా లెక్కగట్టి పరిశీలిస్తే వాస్తవం మరోలా గోచరిస్తోంది. విమానం ఎంత వేగంగా ఎగురుతుందన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఏ వేళకు ఎగురుతుంది, వారంలో ఎన్ని రోజులు ఎగురుతుంది, దిగిన తర్వాత గమ్యానికి ఎలా చేరుస్తారన్న మూడు అంశాలే ఈ మార్గం భవితను నిర్ణయించనున్నాయి.

కిలోమీటర్ల లెక్క

విమానయానంలో దూరాన్ని రోడ్డు మలుపులను బట్టి కొలవరు. భూగోళంపై రెండు బిందువుల నడుమ ఉన్న అతి దగ్గరి రేఖను ప్రామాణికంగా తీసుకుంటారు. లెక్కను నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. ఆ ప్రకారం ఓర్వకల్లు - గన్నవరం దూరం దాదాపు 160 నాటికల్ మైళ్లు.

కర్నూలు నగరం నుంచి విజయవాడ నగరానికి సరళరేఖలో కొలిస్తే 287 కిలోమీటర్ల వరకు మాత్రమే వస్తుంది. విమానాశ్రయాల మధ్య కొలిస్తే మరో పది కిలోమీటర్లు పెరుగుతుంది. ఓర్వకల్లు కర్నూలుకు ఆగ్నేయంగా నంద్యాల రహదారిపై ఉండడం వల్ల దూరం కొంత తగ్గుతుంది. గన్నవరం విజయవాడ దాటాక ఏలూరు వైపు ఉండడం వల్ల అంతకు మించి పెరుగుతుంది. దూరం విషయంలో తలో అంకె వినిపించడానికి కారణం ఇదే. ఒకరు నగరాల మధ్య కొలుస్తారు, మరొకరు రన్‌వేల మధ్య కొలుస్తారు, ఇంకొకరు రోడ్డు దూరాన్నే చెబుతారు.

ఈ సరళరేఖను పటంపై గీస్తే అది శ్రీశైలానికి కాస్త దక్షిణంగా నల్లమలను దాటి, నరసరావుపేట పరిసరాల మీదుగా సాగి, మంగళగిరి ప్రాంతాన్ని తాకుతూ గన్నవరం చేరుతుంది. అంటే సచివాలయానికి వెళ్లవలసిన ప్రయాణికుడు ఇంచుమించు రాజధాని ప్రాంతం మీదుగానే ఎగిరి వెళ్లి, ముందున్న గన్నవరంలో దిగి, మళ్లీ రోడ్డున సుమారు 40 కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఈ 40 కిలోమీటర్లు విమాన దూరంలో కనిపించవు. ప్రయాణికుడి సమయంలో మాత్రం తప్పక కనిపిస్తాయి.

నిమిషాల లెక్క

చిన్న విమానాశ్రయాల మధ్య ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్ 72 రకం విమానాలు. రెక్కలకు పంకాలుండే ఈ విమానం గరిష్ఠంగా గంటకు 510 కిలోమీటర్ల వరకు వేగాన్ని అందుకుంటుంది. ఇండిగో వద్ద ఉన్న ఏటీఆర్‌లో 78 సీట్లుంటాయి. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో నేరుగా వెళితే 297 కిలోమీటర్లకు 36 నిమిషాలు చాలు. కానీ ఏ విమానమూ రన్‌వే వదలగానే ఆ వేగాన్ని అందుకోలేదు. పైకి ఎగబాకేటపుడు, కిందికి దిగేటపుడు వేగం తక్కువగా ఉంటుంది. గాలి వాలును బట్టి రన్‌వేకు ఏ కొస నుంచి దిగాలో నిర్ణయమవుతుంది. అవతలి కొస నుంచి దిగవలసి వస్తే విమానం చుట్టి రావాలి. ముందు మరో విమానం ఉంటే నిరీక్షణ తప్పదు.

విమానయాన సంస్థలు టిక్కెట్టుపై ముద్రించే సమయం గాలిలో ఉన్న సమయం ఒక్కటే కాదు. టెర్మినల్ వద్ద చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మలు తీసింది మొదలు, గమ్యంలో మళ్లీ దిమ్మలు పెట్టేవరకు లెక్కలోకి వస్తుంది. నేలపై నడిచే నిమిషాలు, జాప్యానికి వదిలిన కొద్దిపాటి వెసులుబాటు అందులో కలిసి ఉంటాయి. అందువల్ల 36 నిమిషాల దూరం టిక్కెట్టుపై గంట దరిదాపులకు చేరుతుంది. ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లుంటే అదనంగా పట్టేది 3 నిమిషాలే. అందువల్ల ఆలస్యానికి గాలిని నిందించడం కంటే నేలపై ఏర్పాట్లను పరిశీలించడమే సమంజసం.

పెద్ద జెట్ విమానం వస్తే ప్రయాణం సగానికి తగ్గుతుందన్న అభిప్రాయం కొందరిలో ఉంది. ఇది సరికాదు. 300 కిలోమీటర్ల దూరంలో జెట్ విమానం తన పూర్తి వేగాన్ని అందుకునే లోపే దిగడం ప్రారంభించాలి. మొత్తంమీద కలిసివచ్చేది 10 నిమిషాలకు మించదు. అందుకయ్యే ఇంధన వ్యయం, నింపవలసిన సీట్లు మాత్రం రెట్టింపు దాటుతాయి. ఓర్వకల్లు రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఇంత తక్కువ దూరానికి ఏటీఆర్ రకమే అన్ని విధాలా తగినది.

గడప నుంచి గడపకు

ప్రయాణికుడికి కావలసింది రన్‌వే నుంచి రన్‌వేకు పట్టే సమయం కాదు. ఇంటి గడప దాటినప్పటి నుంచి పని ఉన్న కార్యాలయం మెట్లెక్కే వరకు పట్టే సమయం. కర్నూలు నగరవాసి ఒకరు వెలగపూడి సచివాలయానికి బయలుదేరారనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. నగరం నుంచి ఓర్వకల్లుకు ఇరవై కిలోమీటర్లకు అరగంట. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందే కౌంటర్ మూసివేస్తారు కాబట్టి తనిఖీలతో కలిపి గంటా పావు. విమానంలో గంటా 5 నిమిషాలు. దిగి, లగేజీ అందుకుని బయటపడడానికి 20 నిమిషాలు. గన్నవరం నుంచి విజయవాడ మీదుగా వెలగపూడికి కనీసం గంట. మొత్తం 4 గంటల 10 నిమిషాలు. ఇందులో మూడు గంటలకు పైగా గడిచేది నేలమీదే.

అదే ప్రయాణం సొంత కారులో ఆత్మకూరు, దోర్నాల, వినుకొండ, గుంటూరు మీదుగా చేస్తే సుమారు 7 గంటలు. బస్సులో అంతకంటే ఒకటి, రెండు గంటలు ఎక్కువ. నల్లమల ఘాట్‌లో లారీల వెనుక చిక్కుకుంటే ఇంకా ఆలస్యం. అంటే విమానం వల్ల కారుతో పోలిస్తే దాదాపు 3 గంటలు, బస్సుతో పోలిస్తే 4, 5 గంటలు మిగులుతాయి. ఇది చిన్న లాభమేమీ కాదు. అయితే ఈ లాభం చేతికందాలంటే విమానం ప్రయాణికుడికి కావలసిన రోజున, కావలసిన వేళకు ఉండాలి. అసలు చిక్కు ఇక్కడే వచ్చిపడుతోంది.

ఒకే దూరం.. మూడు దారులు

విమాన దూరం సమానమైనంత మాత్రాన మార్గాల అవసరం సమానం కాదనడానికి మూడు ఉదాహరణలు చాలు. ఓర్వకల్లు నుంచి బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయానికి దాదాపు 283 కిలోమీటర్లు. గన్నవరం నుంచి విశాఖపట్నానికి దాదాపు 290 కిలోమీటర్లు. ఓర్వకల్లు నుంచి గన్నవరానికి 297 కిలోమీటర్లు. మూడింటి మధ్య తేడా ఆకాశంలో రెండు నిమిషాల లోపే.

నేలమీద పరిస్థితి పూర్తిగా భిన్నం. కర్నూలు నుంచి బెంగళూరుకు 44వ నెంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలతో ఉంది. 2023 సెప్టెంబరు 24న ప్రారంభమైన కాచిగూడ - యశ్వంతపూర్ వందేభారత్ కర్నూలు సిటీ స్టేషన్‌లో ఆగుతుంది. విజయవాడ - విశాఖ నడుమ కోల్‌కతా - చెన్నై ప్రధాన రైలు మార్గం ఉంది. 2023 జనవరి 15న పట్టాలెక్కిన సికింద్రాబాద్ - విశాఖ వందేభారత్ ఈ దూరాన్ని 4 గంటల పైచిలుకులో అధిగమిస్తోంది. స్టేషన్లు ఊరి నడిబొడ్డున ఉండడంతో ఆ రెండు చోట్లా రైలు విమానానికి గట్టి పోటీ ఇస్తుంది.

కర్నూలు - విజయవాడ దారికి అలాంటి ప్రత్యామ్నాయం లేదు. గుంటూరు నుంచి వచ్చే రైలు మార్గం నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు మీదుగా నంద్యాల చేరి, అక్కడి నుంచి బేతంచెర్ల, డోన్ వైపు సాగిపోతుంది. కర్నూలు నగరాన్ని తాకదు. 401 కిలోమీటర్ల గుంటూరు - గుంతకల్లు మార్గాన్ని రెండు వరుసలు చేయడం వల్ల నంద్యాల, డోన్ వాసులకు మేలు జరుగుతుందే తప్ప కర్నూలు నగరవాసి ముందుగా డోన్‌కో, నంద్యాలకో వెళ్లక తప్పదు. రోడ్డు చూస్తే నల్లమల ఘాట్. అందువల్ల 300 కిలోమీటర్ల లోపున్న ఈ మూడు మార్గాల్లో విమానం అవసరం అత్యధికంగా ఉన్నది కర్నూలు - విజయవాడ మార్గానికే.

తూర్పు ముఖం పట్టని దారులు

ఈ పరిస్థితికి చారిత్రక కారణాలున్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు కర్నూలే రాజధాని. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో రాజధాని సీమకు, హైకోర్టు కోస్తాకు దక్కాయి. 1954లో గుంటూరులో హైకోర్టు ఏర్పాటైంది. అపుడు కోస్తా వాసులు పాలనా వ్యవహారాలకు కర్నూలుకు, సీమ వాసులు న్యాయం కోసం గుంటూరుకు నల్లమల దాటి తిరిగారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని కావడంతో ఆ అవసరం తీరిపోయింది.

అప్పటి నుంచి 2014 వరకు 58 ఏళ్లపాటు కర్నూలు చూపు ఉత్తర దిక్కుకే. హైదరాబాద్ దాదాపు 210 కిలోమీటర్లు. నేరుగా రైలు, నేరుగా జాతీయ రహదారి. పాలన, హైకోర్టు, వైద్యం, ఉన్నత విద్య, ఉద్యోగం అన్నీ అక్కడే. దారులన్నీ ఉత్తర, దక్షిణాలుగానే విస్తరించాయి. తూర్పున ఉన్న కోస్తాకు వెళ్లే దారులు వెనుకబడి ఉండిపోయాయి. రాష్ట్ర విభజన అనంతరం 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది. 2019 జనవరి 1 నుంచి రాష్ట్ర హైకోర్టు సైతం ఆ ప్రాంతంలోనే పనిచేస్తోంది. ఒక్కసారిగా కర్నూలు వాసికి రాజధాని 210 కిలోమీటర్ల నుంచి 340 కిలోమీటర్లకు జరిగింది. దూరంతోపాటు దిక్కూ మారింది. కొత్త దిక్కుకు తగిన దారులు మాత్రం ఏర్పడలేదు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినపుడు కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్నారు. 2021 నవంబరులో ఆ చట్టాలను ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి ఏర్పాటు కోరుతూ శాసనసభ తీర్మానించింది. రాజకీయ పక్షాల వాదనలు ఎలా ఉన్నా, వీటన్నింటి వెనుక ఉన్న సామాన్యుడి వేదన ఒక్కటే. వాయిదాకు, ఫైలుకు, సంతకానికి పోయి రావడం భారమవుతోందన్నదే ఆ వేదన. ఓర్వకల్లు - గన్నవరం విమానాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. ఇది విలాస ప్రయాణం కాదు. మారిన రాజధానికి జిల్లాను కలిపే దారుల్లో ఇదొకటి.

శంకుస్థాపన నుంచి సర్వీసు వరకు

ఓర్వకల్లు విమానాశ్రయానికి 2017లో శంకుస్థాపన జరిగింది. 2018 డిసెంబరు 31న ప్రయోగాత్మకంగా విమానం దిగింది. 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు. అనుమతుల ప్రక్రియ పూర్తయ్యాక 2021 మార్చి 25న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి జాతికి అంకితం చేసి, స్వాతంత్ర్య సమరయోధుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖలకు ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. రాష్ట్ర రాజధానికి విమానం రావడానికి అప్పటి నుంచి మరో నాలుగేళ్లకు పైగా పట్టింది. 2025 జులైలో కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు విజయవాడ సర్వీసును ప్రారంభించారు. వారానికి మూడు రోజుల ప్రాతిపదికన అది మొదలైంది.

విశాఖ మార్గాన్ని గమనిస్తే విమాన ప్రయోజనం ఏ స్థాయిలో ఉండగలదో అర్థమవుతుంది. ఓర్వకల్లు - విశాఖ ఆకాశ దూరం దాదాపు 584 కిలోమీటర్లు. రోడ్డు దూరం సుమారు 700 కిలోమీటర్లు. ఏటీఆర్ గాలిలో ఉండే సమయం గంటా 10 నిమిషాల పైచిలుకు. అంత దూరం రోడ్డున వెళ్లాలంటే పగలంతా గాని, రాత్రంతా గాని చాలదు. దూరం పెరిగే కొద్దీ విమానం వల్ల మిగిలే సమయం పెరుగుతుంది. దూరం తగ్గే కొద్దీ విమానాశ్రయంలో గడిపే నిరీక్షణే ప్రయాణ సమయాన్ని మింగేస్తుంది. ఓర్వకల్లు నుంచి శంషాబాద్‌కు ఆకాశ దూరం 172 కిలోమీటర్లే. రోడ్డున 200 కిలోమీటర్లు మూడున్నర గంటల్లో చేరుకోవచ్చు. అక్కడ విమానం ఎక్కి లాభపడేది దాదాపు శూన్యం. శంషాబాద్ చేరితే దేశ విదేశాలకు విమానాలు దొరుకుతాయి కాబట్టి ఓర్వకల్లుకు అసలైన పోటీదారు కూడా అదే.

వారానికి మూడు రోజుల చిక్కు

వారానికి మూడు సర్వీసులంటే ఒక దిక్కుకు 234 సీట్లు. ఆరు ఆర్టీసీ బస్సుల్లో పట్టే జనంతో సమానం. సంఖ్య తక్కువన్నది ఒక ఇబ్బంది కాగా, రోజు విడిచి రోజు నడవడం అంతకు మించిన ఇబ్బంది.

మధ్యాహ్నం వేళ వెళ్లే విమానాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. సోమవారం మధ్యాహ్నం కర్నూలు నుంచి బయలుదేరిన ప్రయాణికుడు సాయంత్రానికి విజయవాడ చేరతాడు. అప్పటికి కార్యాలయాలు మూసే వేళ. రాత్రి లాడ్జిలో బస. మంగళవారం పని ముగించుకుంటాడు. ఆ రోజు తిరుగు విమానం ఉండదు. మరో రాత్రి బస. బుధవారం తిరిగి వస్తాడు. మొత్తం మూడు పనిదినాలు, రెండు రాత్రుల గది అద్దె, రెండు వైపులా టిక్కెట్లు.

అదే వ్యక్తి సోమవారం రాత్రి బస్సెక్కితే మంగళవారం ఉదయానికి విజయవాడలో ఉంటాడు. పగలు పని చూసుకుని ఆ రాత్రే బస్సెక్కి బుధవారం ఉదయం ఇల్లు చేరతాడు. పోయింది ఒక్క పనిదినం. నడుము నొప్పి, నిద్రలేమి ఉండవచ్చు. కానీ కూలీ నష్టం, దుకాణం మూత, సెలవు చీటీ.. ఏ లెక్కన చూసినా బస్సే చౌక. గంటలో వెళ్లే విమానం ఎనిమిది గంటలు నడిచే బస్సు ముందు ఓడిపోతున్నది ఇలాగే. వేగంలో కాదు, వేళలో ఓడిపోతోంది.

హైకోర్టులో వాయిదా ఉన్న కక్షిదారుకు ఈ చిక్కు మరింత ఎక్కువ. వాయిదా ఏ రోజున పడుతుందో అతని చేతిలో ఉండదు. విమానం లేని రోజున పడితే ఎలాగూ బస్సే శరణ్యం. ఒకసారి అక్కరకు రాని సర్వీసును రెండోసారి ఎవరూ నమ్ముకోరు. ప్రయాణికులు లేరని సర్వీసులు తగ్గించడం, సర్వీసులు తగ్గాయని ప్రయాణికులు దూరం కావడం.. చిన్న విమానాశ్రయాలన్నింటా కనిపించే వలయమిది.

ఉడాన్ నేర్పిన పాఠాలు

చిన్న పట్టణాలకు విమానయోగం కల్పించేందుకు కేంద్రం 2016లో ఉడాన్ పథకాన్ని ప్రకటించింది. 200 నుంచి 800 కిలోమీటర్ల మధ్య దూరమున్న మార్గాలను తొలుత ఇందులో చేర్చారు. గంట ప్రయాణానికి, అంటే దాదాపు 500 కిలోమీటర్లకు, ఛార్జీ రూ.2,500గా పరిమితి విధించారు. విమానంలోని సగం సీట్లను ఈ పరిమితికి లోబడి అమ్మాలి. ఇక్కడ ఛార్జీ పరిమితిని నిర్ణయించేది కూడా ఆకాశ దూరమే. సంస్థకు వచ్చే నష్టాన్ని మూడేళ్లపాటు భర్తీ చేస్తారు. ఇందులో కేంద్రం వాటా 80 శాతం, రాష్ట్రం వాటా 20 శాతం.

ఈ పథకం తొలి రోజునే పొరుగున ఉన్న కడపకు స్థానం దక్కింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా - ఢిల్లీ సర్వీసుతోపాటు కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ సర్వీసులను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. కడపకు విమానం నడిపిన ట్రూజెట్ సంస్థ 2022 ఫిబ్రవరిలో కార్యకలాపాలు నిలిపివేసింది. ఆ ఏడాది మార్చి నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక తోడ్పాటుతో ఇండిగో సర్వీసులు మొదలయ్యే వరకు కడప వాసులు మళ్లీ రైళ్లనే నమ్ముకున్నారు.

2023 ఆగస్టులో వెలువడిన కాగ్ నివేదిక ఈ పథకం లోటుపాట్లను ఎత్తిచూపింది. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. రాయితీ గడువు ముగిశాక కూడా 2023 మార్చి నాటికి నిలదొక్కుకున్నవి 54 మాత్రమే. అంటే కేటాయించిన వాటిలో 7 శాతం. ప్రారంభోత్సవంతో పని పూర్తికాదని, రాయితీ ఉన్న మూడేళ్లలోపే మార్గానికి ప్రయాణికులను అలవాటు చేయకపోతే ఖజానా నుంచి వెచ్చించిన సొమ్ము నిష్ఫలమేనని ఈ అంకెలు చాటుతున్నాయి.

ఒకే సంస్థపై ఆధారపడడం మరో బలహీనత. 2025 డిసెంబరు తొలివారంలో పైలట్ల విశ్రాంతి నిబంధనల అమలులో సంసిద్ధత లోపించి ఇండిగో దేశవ్యాప్తంగా వేలాది సర్వీసులను రద్దు చేసింది. మహానగరాల్లో ప్రయాణికుడు మరో సంస్థ విమానం వెతుక్కోగలడు. ఒకే సంస్థ నడిచే ఊళ్లలో ఆ అవకాశం ఉండదు. రద్దయితే మిగిలేది బస్టాండే.

ఎవరికి ఎంత చేరువ?

విమానాశ్రయం జిల్లా పేరున ఉన్నా జిల్లావాసులందరికీ అది సమదూరంలో లేదు. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఓర్వకల్లు మరో 20. ఆదోని, మంత్రాలయం, ఆలూరు ప్రాంతాల వారికి విమానాశ్రయం చేరడానికే రెండున్నర, మూడు గంటలు కావాలి. అపుడు గడప నుంచి గడపకు లెక్క ఆరు గంటలు దాటుతుంది. పశ్చిమ ప్రాంతానికి మిగిలే లాభం నామమాత్రం.

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లా పరిస్థితి వేరు. నంద్యాల పట్టణం నుంచి ఓర్వకల్లుకు 50 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ఉంది. అయితే నంద్యాల వాసి పడమరకు వచ్చి విమానమెక్కడం కంటే నేరుగా తూర్పుకు వెళ్లే రైలెక్కడానికే మొగ్గు చూపవచ్చు. ఈ లెక్కన ఓర్వకల్లు - గన్నవరం విమానానికి స్థిరమైన ప్రయాణికులు ప్రధానంగా కర్నూలు నగరం, చుట్టుపక్కల మండలాల నుంచే రావాలి. అధికారులు, న్యాయవాదులు, కక్షిదారులు, గుత్తేదారులు, వ్యాపారులు, ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతానికి రాకపోకలు సాగించేవారు వీరిలో ముఖ్యులు. వీరందరికీ పని ఉండేది పనిదినాల్లో, పగటివేళ. విమాన వేళలు ఆ పగటివేళకు అనుగుణంగా లేకపోతే సీట్లు నిండడం కష్టం.

చేయవలసినవి

మొదటిది, ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే ఏర్పాటు. ఉదయం 7 గంటలకు ఓర్వకల్లులో బయలుదేరిన విమానం 8 గంటలకు గన్నవరం చేరితే ప్రయాణికుడు తొమ్మిదిన్నరకల్లా వెలగపూడిలో ఉంటాడు. సాయంత్రం ఆరున్నరకు తిరుగు విమానం ఉంటే రాత్రి ఇంట్లో భోజనం చేయవచ్చు. లాడ్జి ఖర్చు, రెండు పనిదినాలు మిగులుతాయి. అపుడు టిక్కెట్టు ధర కొంత ఎక్కువైనా భరించేవారుంటారు. వారానికి మూడు రోజులు మధ్యాహ్నం నడపడం కంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం, సాయంత్రం నడపడమే ఈ మార్గానికి ప్రాణం పోస్తుంది.

రెండోది, సాయంత్రం తిరిగి వచ్చే విమానం చీకటి పడ్డాక దిగవలసి రావచ్చు. అందుకు రన్‌వే దీపాలు, దిగేందుకు తోడ్పడే పరికరాలు, రాత్రి షిఫ్టు సిబ్బంది అవసరం. శీతాకాలపు పొగమంచులో ఉదయం విమానం రద్దు కాకుండా ఉండడానికీ ఇవే ఆధారం. కొత్త టెర్మినల్ హంగుల కంటే ముందు వీటిపై వెచ్చించడం వివేకం.

మూడోది, నేలమీది అనుసంధానం. విమాన వేళలకు కర్నూలు బస్టాండు నుంచి ఓర్వకల్లుకు, గన్నవరం నుంచి మంగళగిరి, హైకోర్టు, సచివాలయాలకు ఆర్టీసీ బస్సు నడపాలి. విమానం ఆలస్యమైతే బస్సు వేచి ఉండాలి. గన్నవరంలో దిగి అద్దె కారుకు చెల్లించే మొత్తం కర్నూలు నుంచి విజయవాడకు బస్సు ఛార్జీని మించిపోతే సామాన్యుడు విమానం వంక చూడడు. విమాన ప్రయాణంలో తగ్గించడానికి వీలున్న సమయమంతా నేలమీదే ఉంది. గాలిలోని 36 నిమిషాలను ఎవరూ తగ్గించలేరు. నేలమీది మూడు గంటల్లో ముప్పావు గంట తగ్గించడం మాత్రం జిల్లా యంత్రాంగానికి, ఆర్టీసీకి సాధ్యమే.

నాలుగోది, రాయితీకి షరతు. ప్రజాధనంతో నష్టం భర్తీ చేసే మార్గాల్లో సంస్థ ఎన్ని సర్వీసులు నడిపింది, ఎన్ని రద్దు చేసింది, ఎన్ని సీట్లు నిండాయి అన్న వివరాలను నెలనెలా ప్రకటించాలి. వేళల నిర్ణయంలో జిల్లా అవసరాలకు చోటుండాలి. పన్ను చెల్లించే ప్రజలకు ఈ వివరాలు తెలుసుకునే హక్కుంది.

విమానం వచ్చిందని రోడ్డును, రైలును విస్మరించడం ఏమాత్రం తగదు. రోజూ రెండు వేళలా ఏటీఆర్ నడిచినా ఒక దిక్కుకు 156 మందిని మించి తీసుకెళ్లలేదు. నల్లమల దారి విస్తరణ, కర్నూలు నగరాన్ని తూర్పు రైలు మార్గంతో కలపడం వేలమందికి సంబంధించిన అంశాలు. విమానం వాటికి తోడు కావాలే గాని బదులు కారాదు.

హైకోర్టు బెంచి ఏర్పాటైతే కొంత ప్రయాణ భారం తగ్గుతుంది. అప్పటివరకు కర్నూలు నుంచి రాజధానికి వెళ్లి వచ్చేవారి సంఖ్య తగ్గదు. 297 కిలోమీటర్ల ఆకాశ దూరం మారేది కాదు. ఉదయం బయలుదేరిన కక్షిదారు వాయిదా ముగించుకుని అదే రాత్రి కర్నూలు చేరగలిగిన నాడే ఈ సర్వీసు జిల్లాకు నిజంగా అక్కరకు వచ్చినట్లు. ఆ దిశగా వేళలను సవరించవలసిన బాధ్యత పౌర విమానయాన శాఖ, రాష్ట్ర ప్రభుత్వం, విమానయాన సంస్థలపై ఉంది. రాయితీ గడువులు ముగిసి, సీట్లు నిండలేదన్న సాకుతో సర్వీసు రద్దయ్యే వరకు వేచి చూస్తే కాగ్ నివేదికలోని నిలిచిపోయిన మార్గాల జాబితాకు మరో పేరు చేరడం మినహా ఒరిగేదేమీ ఉండదు.